ఫిల్మ్‌నగర్‌కు పాత రేవు రాజమండ్రి

పల్లెటూరి కథ అనుకున్నారంటే ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో ముందుగా తీసేవి రాజమండ్రి టికెట్లు. దర్శకుడు, కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్, ప్రొడక్షన్ మేనేజర్ కలిసి రెక్కీకి బయల్దేరతారు. రాత్రి గౌతమి ఎక్కితే తెల్లవారుజామున బండి కొవ్వూరు దాటి వంతెన మీదికి వస్తుంది. పట్టాల చప్పుడు మారుతుంది. నిద్ర లేచినవాళ్లు కిటికీలోంచి గోదారమ్మకు చిల్లర విసిరి దండం పెట్టుకుంటారు. కెమెరామన్ మాత్రం వెలుగు ఎటునుంచి వస్తోందో, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూస్తాడు.

ఆ చూపు వెనక కొన్ని తరాల పనితనం ఉంది. గోదావరి అందంగా ఉంటుంది కాబట్టి అక్కడ సినిమాలు తీస్తారని తేలిగ్గా అనేస్తాం. అందమైన నదులు దేశంలో చాలా ఉన్నాయి. గోదావరిని తెర మీదికి ఎక్కించడానికి ఒక విద్య పుట్టింది. అది ఏ ఫిల్మ్ స్కూల్ పుస్తకంలోనూ లేదు. కెమెరామన్ల నుంచి అసిస్టెంట్లకు, లైట్‌మన్ల నుంచి లైట్‌బాయ్‌లకు, పడవ నడిపే సరంగుల నుంచి వాళ్ల కొడుకులకు చేతుల మీదుగా వచ్చింది.

ఈ ఊరికీ సినిమాకీ ఉన్న చుట్టరికం జూబ్లీహిల్స్ కంటే పాతది. నిడమర్తి సూరయ్య 1936లో రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ స్టూడియో కట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచింది 1976లో. అంటే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ బండల మధ్య ఫ్లోర్లు లేవడానికి నలభై ఏళ్ల ముందే గోదావరి ఒడ్డున తెలుగు సినిమా తయారైంది. ఆ స్టూడియో నిలదొక్కుకోలేదు, పరిశ్రమ మద్రాసుకు చేరింది. కానీ మద్రాసులో ఉన్నప్పుడూ, తర్వాత హైదరాబాద్ వచ్చాకా కథలు మళ్లీ మళ్లీ ఈ ఒడ్డుకే వచ్చాయి.

రాజమండ్రి నది పెంచిన అంగడి ఊరు. రాజరాజ నరేంద్రుడి రాజధాని అనీ, నన్నయ భారతం మొదలుపెట్టిన చోటనీ బళ్లో చదువుకున్నాం. సినిమా వాళ్లకు దానితో పాటు ఇంకో రాజమండ్రి కావాలి. మన్యం నుంచి కలప, వెదురు నీళ్ల మీద తేలివచ్చిన రేవు, తాడితోట బట్టల మార్కెట్, మెయిన్‌రోడ్డు కొట్లు, కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ కోసం నిలబడ్డ జనం, సరుకు దింపుకుని తిరుగు పడవ కోసం మెట్ల మీద కూర్చున్న లంక ఊళ్ల రైతులు. బేరాలాడే ఊరు కాబట్టి అన్ని రకాల మనుషులూ, అన్ని రకాల యాసలూ ఒక్క వీధిలో దొరుకుతాయి. సంభాషణ రాసేవాడికి ఇంతకు మించిన బడి లేదు.

నది ఇక్కడ అంత నిండుగా ఎందుకుంటుందో కూడా తెలుసుకోవాలి. ఊరికి దిగువన ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడు ఆ చోట బ్యారేజీ ఉంది. అది నీటిని ఆపి నిలబెట్టడం వల్లే పట్నం ముందు గోదావరి ఎండాకాలంలోనూ విశాలంగా కనిపిస్తుంది. తెర మీద మనం మురిసిపోయే ఆ నీటి పరపు కాటన్ దొర కట్ట వెనక నిలిచిన నీరే. డెల్టాలో వరి చేలు పండించిన కట్టడం తెలుగు సినిమాకు కూడా తెలియకుండా ఉపకారం చేసింది.

ఇక వెలుగు సంగతి. రాజమండ్రి తూర్పు ఒడ్డున, కొవ్వూరు పడమటి ఒడ్డున ఉన్నాయి. పుష్కర రేవు మెట్ల మీద నిలబడి చూస్తే సూర్యుడు నదికి అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర నిలబడితే ఉదయం నది మీంచి లేస్తాడు. ఈ ఒక్క సంగతి మీద షెడ్యూలు అంతా ఆధారపడుతుంది. నీళ్లు తళతళలాడాలంటే సూర్యుడు కెమెరాకు ఎదురుగా ఉండాలి. అందుకే పొద్దుటి సీన్లు కొవ్వూరు గట్టున, సాయంత్రం సీన్లు రాజమండ్రి రేవుల్లో పెట్టుకుంటారు. ఎదురు వెలుగులో నటుల ముఖం చీకటైపోతుంది. అప్పుడు వెండి కాగితం అంటించిన రిఫ్లెక్టర్‌తో ఎండను వెనక్కి తిప్పి ముఖం మీద వేస్తారు. ఆ వెలుగు సూటిగా పడితే హీరోయిన్ కళ్లు చికిలిస్తుంది. కాబట్టి థర్మాకోల్ పలక మీద పడేసి మెత్తబరుస్తారు. సూర్యుడు కదిలినకొద్దీ లైట్‌బాయ్ ఆ పలకను వేలెడు వేలెడుగా జరుపుతూనే ఉండాలి. గాలికి రిఫ్లెక్టర్ ఊగితే ముఖం మీద వెలుగూ ఊగుతుంది, టేకు పోతుంది. గోదావరి గట్టున గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ కుర్రాడి కష్టం అర్థమవుతుంది.

ఈ సహజ కాంతి విద్యకు గొప్ప గుర్తింపు తెచ్చినవాడు ఇషాన్ ఆర్య. బాపు ‘ముత్యాల ముగ్గు’ (1975)కు ఆయన ఉన్న వెలుగునే నమ్ముకుని పనిచేశారు. ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం వచ్చింది. అంతకు ముందే బాపు తన మొదటి సినిమా ‘సాక్షి’ (1967)ని పులిదిండిలో, ఊరినే సెట్టుగా చేసుకుని తీశారు. సినిమా అంటే ఫ్లోరు, ఫ్లోరంటే సెట్టు అనుకునే రోజుల్లో అది పెద్ద సాహసం. తీసిన నెగెటివ్ మద్రాసు ల్యాబ్‌కు వెళ్లి కడిగితే గానీ బొమ్మ ఎలా వచ్చిందో తెలియదు. అన్ని రోజులూ కంటినీ అనుభవాన్నీ నమ్ముకోవాల్సిందే.

మిట్టమధ్యాహ్నం గట్టు మీద తీయడం కష్టం. నెత్తిమీది ఎండకు కళ్ల కింద నీడలు పడతాయి. ఆ రెండు మూడు గంటలు వృథా కాకుండా కాపాడినది కొవ్వూరు దగ్గర కుమారదేవంలోని నిద్రగన్నేరు. ‘సినిమా చెట్టు’ అని జనం పిలుచుకున్నది దీన్నే. నూట యాభై ఏళ్ల వయసు చెప్పే ఆ చెట్టు కింద మూడు వందలకు పైగా సినిమాలు తీశారని అక్కడివాళ్ల లెక్క. దాని కింద అంతమంది ఎందుకు చేరారంటే అందం కోసం మాత్రమే కాదు. గొడుగులా పరుచుకున్న ఆ కొమ్మలు ఎండను జల్లించి కిందికి సమానంగా వదిలేవి. మధ్యాహ్నం పన్నెండుకు కూడా క్లోజప్ తీయగలిగే చోటు అది. 2024 ఆగస్టులో వరదల రోజుల్లో ఆ చెట్టు కూలిపోయింది. తెలుగు సినిమా ఒక కెమెరా డిపార్ట్‌మెంటు మనిషిని పోగొట్టుకుందని నేను నమ్ముతాను.

పడవ మీద తీయడం ఇంకో విద్య. ‘మూగమనసులు’ (1964)లో ఆదుర్తి సుబ్బారావు నాయకుణ్ణి పడవవాణ్ణి చేశారు. ‘అందాల రాముడు’ (1973)లో బాపు, ‘గోదావరి’ (2006)లో శేఖర్ కమ్ముల భద్రాచలం దాకా సాగే ప్రయాణాన్నే కథగా మలిచారు. నిలబడ్డ నేల మీద తీసే షాట్‌కూ కదిలే నీటి మీద తీసే షాట్‌కూ పోలిక లేదు. కెమెరాను చిన్న పడవలో పెడితే ప్రతి అలకూ ఊగుతుంది. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన పంటు మీద పెడితే స్థిమితంగా నిలుస్తుంది. ప్రవాహం యూనిట్‌ను కిందికి తోసుకుపోతుంటే వెనక కొండా గుడీ కూడా మారిపోతుంటాయి. టేకు చెడితే మళ్లీ ఎగువకు వెళ్లి, అదే చోటు నుంచి, సూర్యుడు జరిగేలోపు మొదలుపెట్టాలి. ఇక్కడ దర్శకుడి మాట కంటే సరంగు మాటే చెల్లాలి. ఏ పాయలో లోతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో, ఇసుక తిప్ప ఈ ఏడు ఎటు జరిగిందో తెలిసినవాడు అతనొక్కడే. లైఫ్‌జాకెట్లు లేకుండా, సరంగు వద్దన్న చోటికి పడవ పోనిచ్చే యూనిట్ ఎంత పెద్దదైనా సరే, పని తెలియనిదే.

లాంచీ ఇంజను చప్పుడులో మాటలు పనికిరావు. అక్కడ పట్టేది గుర్తు కోసం ఉంచుకునే పైలట్ ట్రాక్ మాత్రమే. అసలు మాటలు తర్వాత జూబ్లీహిల్స్ డబ్బింగ్ థియేటర్లలో, చల్లటి చీకటి గదుల్లో పెదాలు చూసుకుంటూ చెబుతారు. తెడ్డు నీళ్లలో పడిన చప్పుడు కూడా చాలాసార్లు అక్కడే పుడుతుంది.

కాలాన్ని బట్టి నది రంగు మారుతుంది. శ్రావణంలో ఎర్రటి వరద నీరు, మార్గశిరానికి తేటనీరు. సగం పాట ఆగస్టులో, సగం జనవరిలో తీస్తే కలర్ గ్రేడింగ్‌లో ఎంత దిద్దినా అతుకు కనిపిస్తుంది. వంతెనల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. హేవ్‌లాక్ వంతెన 1900లో వచ్చింది, 56 ఖానాలు. రోడ్డు కం రైలు వంతెన 1974లో, ఆర్చి వంతెన 1997లో వచ్చాయి. హేవ్‌లాక్ మీద రైళ్లు ఆగిందీ ఆ ఏడాదే. కథ 1960లో జరుగుతుంటే ఫ్రేములో హేవ్‌లాక్ తప్ప మరోటి ఉండకూడదు. వంతెన చూసి కథ ఏ ఏడుదో చెప్పే ప్రేక్షకులు గోదావరి జిల్లాల్లో ప్రతి వీధిలో ఉన్నారు.

ఖర్చు, జనం, హీరోల డేట్లు చూసుకుని ఇప్పుడు చాలామంది ఊరినే హైదరాబాద్‌కు తెచ్చుకుంటున్నారు. ‘రంగస్థలం’ (2018) కోసం 1980ల గోదావరి పల్లెను హైదరాబాద్‌లో సెట్టు వేశారు. చూసినవాళ్లు నిజం ఊరే అనుకున్నారు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు పనితనానికి నమస్కరించాలి. ప్లైవుడ్, ప్లాస్టర్‌తో లేపిన గోడకు సున్నం పెచ్చులు, నాచు, చేతులు తగిలి నల్లబడ్డ గుమ్మం అంచు తేవడం తేలిక కాదు. అయితే ఆ పనివాళ్లు కొలతలు తీసుకున్నది, రంగులు చూసుకున్నది అసలు ఊళ్లలోనే. ఆ ఊళ్లు మారిపోతే రేపటి సెట్టుకు నమూనా ఎక్కడిది?

ఊరిని కాపాడుకోవడం ఎలాగో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఇంగ్లండులో లింకన్‌షైర్‌లో వెలాండ్ నది ఒడ్డున స్టామ్‌ఫర్డ్ అనే పాత అంగడి ఊరుంది. ఉన్ని వ్యాపారంతో బాగుపడి, సున్నపురాయి ఇళ్లతో నిలిచిన ఊరు. 1967లో ఆ దేశంలో తొలి పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పాత వీధులు అలాగే ఉండబట్టే బీబీసీ 1994లో ‘మిడిల్‌మార్చ్’ సీరియల్‌కు, 2005లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సినిమాకు ఆ ఊరు దొరికింది. ముందు చట్టం ఊరిని కాపాడింది, తర్వాత కెమెరా వచ్చింది. మన దగ్గర కెమెరా ముందే వచ్చింది, కాపాడే పనే మిగిలింది. ఎగువన పోలవరం ప్రాజెక్టు పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లకు చేరుతుంది. పాపికొండల మధ్య మనం సినిమాల్లో చూసిన ఒడ్డులు, ఊళ్లు చాలావరకు నీటి కిందికి వెళతాయి.

చదువరులకు నా మాట ఒకటి. రాజమండ్రి వెళ్లినప్పుడు సాయంత్రం ఒక గంట పుష్కర రేవులో, మర్నాడు పొద్దున ఒక గంట కొవ్వూరు గట్టున గడపండి. దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లండి. ఇరవై ఏడేళ్లకే పోయిన ఆ చిత్రకారుడు సినిమా కెమెరా కంటే ముందే ఈ నేల రంగులను పట్టుకున్నాడు.

ఫిల్మ్‌నగర్ పెద్దలకు ఇంకో మాట. ఫిల్మ్ ఛాంబర్, సంఘాలు, స్టూడియోలు కలిసి గోదావరి లొకేషన్లకు ఒక పూర్తి జాబితా తయారు చేయాలి. ఏ రేవు, ఏ ఇల్లు, ఏ సినిమా, ఏ ఏడు అన్నీ రాసి, ఇప్పటి ఫొటోలు తీసి ఉంచాలి. వయసు మళ్లిన సరంగులు, లైట్‌మన్లు, ప్రొడక్షన్ మేనేజర్లు ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేయాలి. ఆ జాబితా చేతపట్టుకుని ప్రభుత్వాన్ని అడిగితే కాదనలేరు. హేవ్‌లాక్ వంతెనను కాపాడమని అడగడంతో ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.