దారి కూడా వారసత్వమే: హంపి వంతెన వివాదంపై పునరాలోచన

హంపిలోని కృష్ణాలయం గోపురం ముందు నిలబడి తూర్పుకు చూసేవారికి మొదట కనిపించేది తారు రోడ్డు. దాని కవతల, కొంత పల్లంలో, రెండు వరుసల రాతి మండపాలు, వాటి పక్కన ఒక పుష్కరిణి ఉన్నాయి. ఆ వరుసలే ఒకప్పటి కృష్ణ బజారు. నేటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గాన్ని జయించి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి శ్రీకృష్ణదేవరాయలు ఈ ఆలయంలో ప్రతిష్ఠింపజేశాడు. గుడి, దాని వీధి ఒకే సంకల్పం నుండి పుట్టినవి. నేడు వాటి నడుమ బస్సులు తిరుగుతున్నాయి. యాత్రికుడు రోడ్డుకు ఒకవైపు గుడిని, మరొకవైపు బజారును వేర్వేరుగా చూసి వెళ్ళిపోతున్నాడు.

ప్రాచీన స్థలాలకు రహదారుల వల్ల కలిగే హానిని గురించి మాట్లాడినప్పుడల్లా మనకు కూలిన గోడలు, బీటలు వారిన గోపురాలు స్ఫురిస్తాయి. ఒక్క రాయి కూడా కదలకుండానే ఒక కట్టడానికీ దాని పరిసరాలకూ ఉన్న సంబంధం తెగిపోవచ్చునన్న సంగతి మాత్రం మన దస్త్రాలలో ఎక్కడా నమోదు కాదు. హంపి చరిత్రలో వంతెన వివాదాన్ని ఈ దృష్టితో తిరిగి పరిశీలించవలసిన అవసరం ఉంది.

విజయనగరం ప్రధానంగా దారుల మీద నిలిచిన నగరం. 1980 నుండి అక్కడ క్షేత్రపరిశోధన సాగించిన జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిచెల్ ప్రభృతులు నగరంలోని మార్గాలను, ద్వారాలను, ప్రాకారాలను ఓపికగా కొలిచి పటాలకెక్కించారు. రాజప్రాసాద ప్రాంతపు దారులు హజారరామాలయం వద్ద కలుస్తున్నాయని వారు నిరూపించారు. విరూపాక్ష, అచ్యుతరాయ, విఠల ఆలయాల ముందు సాగే పొడవైన బజారు వీధులు రథోత్సవానికీ, వర్తకానికీ, ఊరేగింపుకూ ఒకే వేదికగా ఉండేవి. తుంగభద్రపై ఒక రాతివంతెన ఉండేదని నదీగర్భంలో నేటికీ నిలిచి ఉన్న స్తంభాలు చెబుతున్నాయి. సుమారు 1520 ప్రాంతంలో నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పయిస్, బుట్టల వలె గుండ్రంగా ఉండి, తోలు తొడిగిన పడవలలో జనం నది దాటడాన్ని వర్ణించాడు. అవే మన పుట్టులు, హరిగోలులు. కాబట్టి ఇక్కడ దారి కూడా ఒక కట్టడమే; రేవు కూడా ఒక కట్టడమే.

ఇటువంటి స్థలంలో 1990ల దశకంలో తుంగభద్రపై రెండు వేలాడు వంతెనల నిర్మాణం మొదలైంది. ఒకటి విరూపాపుర గడ్డె వైపు పాదచారులకు, రెండవది తళవారఘట్ట నుండి ఆనెగొందికి వాహనాలకు ఉద్దేశించినవి. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన హంపి, ఈ వంతెనల కారణంగానే 1999లో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. దరిమిలా కర్ణాటక ప్రభుత్వం 2002లో హంపి నిర్వహణ ప్రాధికార సంస్థ కోసం ప్రత్యేక శాసనం చేసింది. 2006లో హంపి పేరు ప్రమాద జాబితా నుండి తొలగింది. కాని కథ అంతటితో ముగియలేదు. 2009 జనవరిలో నిర్మాణంలో ఉన్న ఆనెగొంది వంతెన కూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

ఈ వివాదంపై అప్పట్లో జరిగిన చర్చను ఇప్పుడు చదివితే, రెండు పక్షాల వాదనలోనూ ఒకే లోపం కనిపిస్తుంది. వంతెన కోరినవారు నదికి ఇరువైపుల ఉన్న రెండు బిందువులను చూశారు. వాటి నడుమ అతి దగ్గరి గీత గీశారు. వ్యతిరేకించినవారిలో పలువురు ఉక్కుతాళ్ళను, ఎత్తైన స్తంభాలను చూసి దృశ్యం చెడిపోయిందన్నారు. అసలు ప్రమాదం దృశ్యానికి మించినది. వాహనాల వంతెన ఒకసారి పూర్తయితే, దానికి చేరే దారి కూడా వెడల్పు కావాలి. కమలాపురం నుండి నదికి పోయే దారి తళవారఘట్ట ద్వారం గుండా సాగుతుంది. బరువు బండ్లకు ఆ ప్రాచీన ద్వారం ఒక అడ్డంకి అవుతుంది. వంతెన ఒక్కటే రాదు. తన వెంట లారీలను, దుకాణాలను, వసతిగృహాలను తీసుకువస్తుంది.

ఇక ఆనెగొంది రైతుల మాట. విజయనగరానికి మాతృస్థానమైన ఆ గ్రామవాసులు వైద్యానికి, చదువుకు, పంట అమ్మకానికి పుట్టి మీద నది దాటవలసి వచ్చేది. వరద వస్తే ఆ దారి కూడా మూసుకుపోయేది. చాలా దూరం చుట్టి రావలసిందే. వారి కోరికను వారసత్వ విరోధంగా చిత్రించడం అన్యాయం. నగరవాసి కంటికి అందంగా తోచే పుట్టి, ప్రసవవేదన పడే స్త్రీకి అందం కాదు. తరువాతి కాలంలో నది దిగువన బుక్కసాగరం, కడేబాగిలు గ్రామాల నడుమ వంతెన నిర్మితమైంది. అంటే అవసరం నిజమే, ప్రత్యామ్నాయమూ నిజమే. రెండవ ప్రశ్నను ముందే వేసి ఉంటే, ఒక దశాబ్దానికి పైబడిన వివాదమూ, కార్మికుల మరణమూ తప్పేవని అనుకోకుండా ఉండలేము.

ఇక్కడ మన శాసనాన్ని గురించి కొంత విమర్శ అవసరం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని అనుసరించి 1992లో వెలువడిన ప్రకటన, రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతాన్ని, ఆపైన మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతాన్ని ఏర్పరచింది. 2010 నాటి సవరణ వాటిని చట్టంలోనే పొందుపరచి, జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థను నెలకొల్పింది. ఈ వలయాలు ఎన్నో కట్టడాలను కాపాడాయి. అందుకు వాటికి ఋణపడి ఉన్నాం. కేంద్రప్రభుత్వపు ప్రజోపయోగ నిర్మాణాలకు నిషిద్ధ ప్రాంతంలో వెసులుబాటు కల్పించే సవరణ బిల్లును లోక్‌సభ 2018 జనవరిలో ఆమోదించినా, అది చట్టరూపం ధరించలేదు. వలయాన్ని సడలించడం పరిష్కారం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే వలయానికి ఒక పరిమితి ఉంది. అది కట్టడాన్ని కేంద్రబిందువుగా తీసుకొని కొలుస్తుంది. హంపిలో సుమారు 4,187 హెక్టార్లలో 1,600కు పైగా అవశేషాలున్నాయి. వాటిలో కేంద్ర రక్షణ పొందినవి యాభైకి పైచిలుకు మాత్రమే. ఆ కొద్ది బిందువుల చుట్టూ గీసిన వలయాల నడుమ మిగిలే ఖాళీ, రహదారి పటంలో ఖాళీగానే కనిపిస్తుంది. నిజానికి ఆ ఖాళీలోనే ప్రాచీన మార్గాలు, కాలువలు, చెరువులు, ద్వారాలు ఉన్నాయి. వాటి రక్షణను రాష్ట్ర శాసనానికీ, ప్రాధికార సంస్థ విచక్షణకూ వదిలివేశాం.

పరిపాలనా అనుభవం నేర్పిన మాట ఒకటి చెప్పాలి. రహదారి దస్త్రం సాంస్కృతిక శాఖ బల్ల మీదికి వచ్చేసరికి మార్గ నిర్ణయం, అంచనాలు, కొన్నిచోట్ల భూసేకరణ కూడా ముగిసి ఉంటాయి. మిగిలేది నిరభ్యంతర పత్రం ఒక్కటే. అప్పుడు ‘కాదు’ అన్న అధికారి అభివృద్ధి నిరోధకుడవుతాడు. ‘అవును’ అన్నవాడు వారసత్వ ద్రోహి అవుతాడు. ఈ రెండు నిందలూ తప్పాలంటే పురావస్తు శాస్త్రజ్ఞుడు మొదటి కొలత గొలుసు పరిచే రోజునే ఇంజనీరు పక్కన ఉండాలి. ప్రాచీన మార్గాల పటం రహదారి శాఖ చేతిలో ముందుగానే ఉండాలి. నది దాటవలసిన గ్రామస్థుణ్ణి చివరి విచారణలో ఫిర్యాదుదారుగా పిలవడానికి బదులు, ఆరంభంలోనే సలహాదారుగా పిలవాలి.

విఠలాలయానికి వాహనాలను నిలిపివేసి, గెజ్జల మండపం నుండి బ్యాటరీ బండ్లు నడపడం హంపిలో జరిగిన ఒక మంచి పని. అంతకన్నా మంచిది ఆ దారిని నడిచి వెళ్ళడం. విఠల బజారు పొడవునా నడిచినవానికి ఆ మండపాల వరుస, దూరాన కొండలు, క్రమంగా దగ్గరయ్యే గోపురం ఒకదాని తరువాత ఒకటిగా అర్థమవుతాయి. ఆ నగరాన్ని నిర్మించినవారు దారిని కూడా ఆలయమంత శ్రద్ధతోనే నిర్మించారు. మన రహదారులు ఆ శ్రద్ధను కనీసం గుర్తించి, దానికి దూరంగా తప్పుకొని పోగలిగితే చాలు.