కాశీయాత్ర చరిత్ర - మజిలీల కూర్పు

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను గూర్చిన విమర్శ చాలవఱకు ఒకే తీరున నడచినది. 1830-31 నాటి దేశస్థితి, ఆచారములు, కుంపిణీ పరిపాలనము, వాడుకభాష - వీనికై ఆ గ్రంథమును గనివలె త్రవ్వుచున్నాము. అందు దోషము లేదు. కాని గ్రంథమునకు రూపమిచ్చిన దేది యను ప్రశ్న మిగిలియే యున్నది. ఆ రూపమును త్రోవయే యిచ్చినదని మా అభిప్రాయము.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చిరి. పోయినది తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బల్పూరు, మిర్జాపురము, ప్రయాగల మీదుగా. వచ్చినది గయ, కలకత్తా, జగన్నాథము, గంజాము, రాజమహేంద్రవరము, నెల్లూరుల మీదుగా. హైదరాబాదు మొదలు మిర్జాపురము వఱకు ఆయన పోయిన దిక్కుననే తరువాత వారణాసి - కన్యాకుమారి రహదారి సాగినది. 2010లో సంఖ్యలు మార్చువఱకు అది 7వ జాతీయ రహదారి.

ఈ త్రోవ పొడుగునను గ్రంథకర్త చెప్పునది మజిలీ. ఊరి పేరు, ఆమడల లెక్క, దారి రాతినేలయా నల్లరేగడయా, నీటి వసతి యెట్టిది, అంగళ్లు గలవా, దిగుటకు చోటున్నదా - ఇవే మాటలు మరల మరల వచ్చును. పాఠ్యభాగములకై యేరువారు మొదట కత్తిరించునవి యివియే. (విద్యార్థిదశలో మేమును వీనిని దాటి చదివినవారమే.) అయితే ఇవి మొదట కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల గారికి వ్రాసి పంపిన వార్తలు. గ్రంథకర్త 1836లో గతింపగా, పిళ్లగారు 1838లో అచ్చు వేయించిరి. అప్పటి పాఠకుడు కాశికి పోదలచినచో అతనికి కావలసినవి ఆమడల లెక్కయు నీటి జాడయునే. మదరాసు రాజధానిలో తొలి రైలు రాయపురము నుండి వాలాజా వఱకు 1856లో నడచినది. గ్రంథము రెండవసారి అచ్చయినది 1869లో. మఱుసటి యేడే బొంబాయి, కలకత్తా దారులు జబ్బల్పూరున కలిసినవి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి ప్రకటించునాటికి ఆమడల లెక్కతో పాఠకునకు పనిలేదు. మనకు సంక్రమించినది రైలెక్కిన పాఠకుని దృష్టి. అతనికి బయలుదేరిన ఊరును దిగిన ఊరును ముఖ్యములు. నడుమ నున్నది కిటికీలోని దృశ్యము. వీరాస్వామయ్యగారికి ఆ నడుమయే గ్రంథము. హైదరాబాదువంటి పట్టణమున నిలిచినపుడు ఆయన వాక్యము విస్తరించును, కదలినపుడు కుదించుకొనును.

ఇంకొక సంగతి కలదు. గ్రంథకర్త పల్లకిలో పోయిరి. నడచినవారు బోయీలును పరిజనమును. దారి గతుకులని ఆయన వ్రాయుటకు ముందే ఆ సంగతి వారి పాదములకు తెలిసియుండును. ఒకనాటికి వా రెంతదూరము మోయగలరో, నీరెచ్చట దొరకునో, ఆ రెండే మజిలీని నిర్ణయించినవి. మజిలీ యెంతయో ఆనాటి వ్రాతయు ఇంచుమించుగా నంతయే. అనగా ఈ గ్రంథమున ప్రకరణప్రమాణము పేరు లేని వారి భుజముల మీద నిలిచియున్నది. వారినిగూర్చి గ్రంథము చెప్పునది తక్కువ. వారివలన గ్రంథమునకు కలిగినది ఎక్కువ.

ఇది పట్టికయే గాని సాహిత్యము గాదనువారు కలరు. కొన్ని పుటలు నీరసములనుట నిజమే, దాచనక్కఱలేదు. కాని ఆ పుటలను తీసివేసి, తక్కినదానిలో 'యాత్ర' కనబడుట లేదనుట న్యాయము గాదు. 1973 నాటి ఆంగ్లానువాదమునకు 'జర్నల్' అని పేరుపెట్టినవారు ఈ దినక్రమమును గుర్తించినట్లే తోచుచున్నది.

మజిలీలన్నిటిని గుర్తించిన పటముతో కూడిన పరిష్కరణ మొకటి కావలెను. ఊళ్ల పేర్లు కొన్ని మాఱినవి, కొన్నిటి ఉచ్చారణ గ్రంథకర్త చెవికి వినబడినట్లు వ్రాయబడినది. హైదరాబాదు నుండి గోదావరి దాటువఱకు గల భాగమును మొదట తీసికొన్నచో, ఆ ప్రాంతపు విద్యార్థులు ఒక వేసవిలో ఊరూర సరిచూడగలరు.