కలిసిపోయిన ఫంక్షన్ దగ్గర ఆగడం

సీ భాషలో రాసిన చిన్న ఫంక్షన్‌ను కంపైలర్ చాలాసార్లు ఫంక్షన్‌గా ఉంచదు. దాన్ని పిలిచిన ప్రతిచోటికీ అందులోని కోడ్‌ను తెచ్చి అక్కడే కలిపేస్తుంది. దీన్నే ఇన్‌లైనింగ్ అంటారు. పిలిచి వెనక్కి రావడానికి అయ్యే ఖర్చు మిగిలి ప్రోగ్రామ్ వేగం పుంజుకుంటుంది. చిక్కు వచ్చేది డీబగ్గర్‌కి. ఫలానా ఫంక్షన్ దగ్గర ఆగమని బ్రేక్‌పాయింట్ పెడితే, మెషీన్ కోడ్‌లో ఆ పేరుతో చోటే ఉండకపోవచ్చు, లేదా ఒకటికి పది చోట్లు ఉండవచ్చు. అన్నిచోట్లా డీబగ్గర్ సరిగ్గా ఆగుతోందా అని తేల్చే పరీక్ష రాయడం పైకి చిన్న పనిలాగే కనిపిస్తుంది. అందులోని మెలికలు రాయడం మొదలుపెట్టాకే బయటపడతాయి.

సంధులు చదువుకున్నవారికి ఈ చిక్కు పరిచయమైనదే. మేన, అల్లుడు కలిస్తే మేనల్లుడు. మొదటి మాట చివరి అకారం పోయింది, రెండో మాట మొదటి అకారం వచ్చి నకారం మీద కూర్చుంది. రెండో మాట ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించమంటే ‘న’ మీదే పెట్టాలి. ఆ అక్షరంలో హల్లు మొదటి మాటది, అచ్చు రెండో మాటది. గిడుగు రామమూర్తి పుట్టిన శ్రీకాకుళం సీమలోనూ, గురజాడ బతికిన విజయనగరంలోనూ రాతలో భాష ఎలా ఉండాలన్న తగవు పాతదే. కంపైలర్ మాత్రం ఆ తగవులో పూర్తిగా గ్రాంథికం పక్షం, వీలు దొరికితే చాలు కలిపేస్తుంది.

కలిపినదాన్ని విడదీయాలంటే సూత్రం తెలియాలి. ఆ సూత్రాన్ని కంపైలరే రాసిపెడుతుంది. లినక్స్ లోకంలో ఆ రాత పద్ధతి పేరు డ్వార్ఫ్. దాని 5వ వెర్షన్ 2017లో వచ్చింది. ఇన్‌లైన్ అయిన ఫంక్షన్‌కు అందులో రెండు రకాల నమోదులుంటాయి. పేరు, పారామీటర్లు, లోకల్ వేరియబుల్స్ చెప్పే మూల నమోదు ఒక్కటే. కలిసిపోయిన ప్రతిచోటుకీ మాత్రం విడిగా మరొకటి ఉంటుంది. ఏ ఫైల్లో ఏ లైను నుంచి పిలిచారో, ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసు దాకా ఆ కోడ్ పరుచుకుందో అది చెబుతుంది. ఆప్టిమైజర్ మెషీన్ సూచనలను అటూ ఇటూ జరిపితే ఆ కోడ్ ముక్కలు ముక్కలుగా కూడా ఉండవచ్చు. డీబగ్గర్‌కు దొరికే సాక్ష్యం ఇదొక్కటే.

ఒక ఉదాహరణ. ధాన్యం కొలతలో కుంచానికి 4 మానికలు, మానికకు 2 తవ్వలు. కుంచాలు ఇస్తే మానికలు చెప్పే ఫంక్షన్ ఒకటి రాసి, దానికి ‘మానికలు’ అని పేరు పెట్టి, ‘గాదె’, ‘సంత’ అనే రెండు ఫంక్షన్లలోంచి పిలిస్తే చాలు. ఆప్టిమైజేషన్ లేకుండా (ఓ0) కంపైల్ చేస్తే బ్రేక్‌పాయింట్ ఒక్కచోటే పడుతుంది. ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయిలో కంపైల్ చేస్తే రెండుచోట్ల పడాలి. జీడీబీ అనే డీబగ్గర్ వాటిని 1.1, 1.2 అని చూపిస్తుంది. ‘మానికలు’ స్టాటిక్ కాకపోతే మరో ఫైలు నుంచి ఎవరైనా పిలవవచ్చని కంపైలర్ విడిగా ఒక ప్రతిని కూడా ఉంచుతుంది, అప్పుడు చోట్లు మూడు. ‘గాదె’, ‘సంత’ తామే ఇంకెక్కడో కలిసిపోకుండా వాటికి నోఇన్‌లైన్ గుర్తు పెట్టాలి. లేకపోతే లెక్క ఎక్కడ తప్పిందో తెలియక సాయంత్రం గడిచిపోతుంది.

అసలు తిప్పలు ఇక్కడున్నాయి. 4తో గుణించడమంటే ప్రాసెసర్‌కు బిట్లను రెండు స్థానాలు ఎడమకు జరపడమే. అంటే ‘మానికలు’ మొత్తం ఒక్క సూచన. ‘సంత’ ఆ జవాబును తవ్వల్లోకి మార్చడానికి మళ్లీ 2తో గుణిస్తే, కంపైలర్ రెండిటినీ కలిపి ఒకేసారి మూడు స్థానాలు జరిపేస్తుంది. ఆ ఒక్క సూచనలో మానికల వంతు ఏది, తవ్వల వంతు ఏది? కుంచాలు 5 అని ముందే తెలిస్తే ఆ సూచన కూడా ఉండదు, 40 అనే అంకె నేరుగా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు డీబగ్గర్ ఆగకపోతే తప్పు డీబగ్గర్‌ది కాదు, ఆగడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. అందుకే పరీక్ష కోసం రాసే ప్రోగ్రాముల్లో విలువలను వోలటైల్ వేరియబుల్‌లో పెడతారు. దాన్ని చదివే, రాసే పనిని కంపైలర్ ఎగ్గొట్టలేదు కాబట్టి కనీసం ఆ సూచనలైనా మిగులుతాయి.

కాబట్టి పరీక్ష మొదట తేల్చుకోవలసింది డీబగ్గర్ సంగతి కాదు, ఫంక్షన్ నిజంగా కలిసిపోయిందా లేదా అన్నది. ఆ పని వదిలేసిన పరీక్ష హాయిగా పాస్ అవుతుంది. ఫంక్షన్ విడిగా ఉంది, బ్రేక్‌పాయింట్ మామూలుగా పడింది, అంతా పచ్చగా కనిపిస్తుంది, కానీ ఇన్‌లైన్ గురించి పరీక్షించింది సున్నా. ఇలాంటి పాస్ కంటే ఫెయిలే నయం. జీసీసీ కంపైలర్‌లో ఆల్వేస్ ఇన్‌లైన్ గుర్తు పెడితే ఆప్టిమైజేషన్ లేకపోయినా కలుపుతుంది. అయినా మెషీన్ కోడ్ డిస్‌అసెంబ్లీ తీసి ‘గాదె’లో కాల్ సూచన లేదని కళ్లతో చూసుకోవడం మేలు.

తర్వాతిది మేనల్లుడి చిక్కు. ఇన్‌లైన్ అయిన కోడ్ మొదలయ్యే అడ్రసు, పిలిచిన లైను అడ్రసు తరచు ఒక్కటే. అక్కడ ఆగినప్పుడు ప్రోగ్రామ్ ‘గాదె’లో ఉందా, ‘మానికలు’లో ఉందా? రెండూ నిజమే. ఒక్కో లైనూ స్టెప్ చేస్తూ అక్కడికి వచ్చినవారికి జీడీబీ ముందు ‘గాదె’ లైనే చూపిస్తుంది. ఇంకోసారి స్టెప్ అంటే ఒక్క సూచన కూడా నడపకుండానే ‘మానికలు’లోకి వెళ్లినట్టు చూపిస్తుంది. ఇది నటనే, కానీ వాడేవాడి మనసులో ఉన్న బొమ్మకు సరిపోయే నటన. ‘మానికలు’ పేరుతో బ్రేక్‌పాయింట్ పెట్టి ఆగినవారికి మాత్రం నేరుగా ‘మానికలు’ కనిపించాలి. పాత వెర్షన్లలో అప్పుడు కూడా పిలిచిన ఫంక్షనే కనిపించేది, ఆ తర్వాత సరిచేశారు. మంచి పరీక్ష ఈ రెండు దారుల్లోనూ ఒకే అడ్రసుకు వచ్చి, రెండు వేర్వేరు జవాబులు వచ్చాయో లేదో చూస్తుంది. ఆగిన తర్వాత ఫ్రేమ్ వివరాలు అడిగితే ‘మానికలు’ పై ఫ్రేమ్‌లో ఇన్‌లైన్ అయిందని జీడీబీ చెప్పాలి. ఫినిష్ కమాండ్ తర్వాత తిరిగి వచ్చిన విలువ చూపించమని మాత్రం పట్టుబట్టకూడదు. ఇన్‌లైన్ పిలుపుల విషయంలో అది దొరకదని జీడీబీ మాన్యువలే ఒప్పుకుంటుంది.

ఇక ఆగిన సార్ల లెక్క. ఎక్స్86 మీద బ్రేక్‌పాయింట్ అంటే ఆ అడ్రసులోని ఒక బైటు తీసి, హెక్సాలో సీసీ అనే బైటు పెట్టడం. ప్రాసెసర్ దాన్ని తాకితే ఆగుతుంది. ఫంక్షన్‌ను లూపులో మూడుసార్లు పిలిస్తే మూడుసార్లు ఆగాలి. కంపైలర్ లూపును విప్పి మూడు ప్రతులుగా పరిస్తే, ఒక్క ప్రతి దగ్గరే బైటు మార్చిన డీబగ్గర్ ఒక్కసారే ఆగి ఊరుకునే ప్రమాదముంది. అడ్రసులు కంపైలర్‌కో తీరుగా మారతాయి కాబట్టి వాటిని పరీక్షలో రాయకూడదు. చోట్లెన్ని, ఆగినవెన్ని, చూపిన పేరేమిటి, ఇవే పోల్చాలి.

జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశాడు. ఇన్‌లైన్ ఫంక్షన్ల ఫ్రేములు చూపించడం 2009లో వచ్చిన 7.0తో మొదలైంది. దాని పరీక్షలు డెజాగ్నూ అనే పరీక్షా చట్రం మీద టీసీఎల్ భాషలో నడుస్తాయి, ఇన్‌లైన్ సంగతులకు వాటిలో ప్రత్యేకంగా కొన్ని ఫైళ్లున్నాయి. ఫలితాల్లో పాస్, ఫెయిల్‌తో పాటు ఎక్స్‌ఫెయిల్, కేఫెయిల్ అనే రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది కంపైలర్ వంటి బయటి లోపం వల్ల తప్పినది, రెండోది జీడీబీలోనే ఉన్న తెలిసిన లోపం. తప్పు ఎవరిదో ఇలా పేరు పెట్టి విడదీయడం చాలా పరీక్షల్లో కనిపించని మర్యాద.

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో విజయనగరం జేఎన్‌టీయూలోనో సీ నేర్చుకుంటున్న విద్యార్థికి ఈ ప్రయోగం చేసి చూడటానికి లినక్స్ ఉన్న ఏ కంప్యూటరైనా చాలు, జీసీసీ, జీడీబీ రెండూ ఉచితమే. ‘మానికలు’ను స్టాటిక్‌గా, ఆల్వేస్ ఇన్‌లైన్ గుర్తు లేకుండా రాసి ఒకసారి ఓ0తో, ఒకసారి ఓ2తో కంపైల్ చేసి బ్రేక్‌పాయింట్ పెట్టి చూడండి. మొదటిసారి ఒక చోటు, రెండోసారి రెండు చోట్లు రావాలి. రెండోసారి కూడా ఒకటే వస్తే, డీబగ్గర్‌ను తిట్టేముందు డిస్‌అసెంబ్లీ తీయండి.