మెగ్గర్ పట్టిన చేయి

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ అనగానే అందరూ చెరకు లెక్కలే చెబుతారు. నాకు మాత్రం అక్కడి కరెంటు మెయింటెనెన్స్ ఇంజినీర్లంటే గౌరవం. చక్కెర మిల్లు పిప్పిని బాయిలర్లో కాల్చి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. క్రషింగ్ మొదలైతే రాత్రింబవళ్లు నడవాల్సిందే. ఎందుకంటే నరికిన చెరకు నిలవ ఉన్నకొద్దీ దాని నుంచి దక్కే చక్కెర తగ్గుతుంది.

అంత ఒత్తిడిలోనూ, మోటారు ట్రిప్పైతే మంచి ఇంజినీరు ఊరికే రీసెట్ నొక్కడు. సప్లై తీసి, తాళం వేసి, టెస్టర్‌తో చూసుకుని, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడతాడు. ముల్లు సున్నా దగ్గరే ఆగితే వైండింగ్‌లోకి తడి దిగిందేమో చూడాలి. ఆరబెట్టి, రీడింగ్ లేచాకే స్టార్టు. బయట చెరకు బండ్ల బారు, లోపల ‘ఇంకెంతసేపు సార్?’ అనే ప్రశ్న. అప్పుడు తొందరపడకపోవడమే ఆ పనిలోని గొప్పతనం.

ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మళ్లీ తెరిస్తే మొదట కబురు పంపాల్సింది వీళ్లకే.