చలికి ఎదురెళ్లిన నర్సమ్మ

మార్గశిరం వచ్చిందంటే చాలు, లంబసింగికి రాత్రికి రాత్రే బండ్లు బారులు తీరి ఎక్కివస్తాయి. చెరువులవేనం కొండకొమ్మున నిలబడి, లోయ నిండా పాలవెల్లిలా పొంగే మంచును చూసి జనం మురిసిపోతారు. వలిసెపూల పసుపులో మునిగి ఫొటోలు దిగుతారు. సున్నాకు దిగిందట, సున్నాకు దిగిందట అని ఒకరికొకరు శుభవార్తలా చెప్పుకుంటారు. ఆంధ్రా కశ్మీరమని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. వాళ్ల సంబరాన్ని నేను కాదనను. కానీ అమ్మమ్మా, ఈ చలిని పొగడటానికి నాకు నోరు రాదు. బతికినన్నాళ్లూ నువ్వు తలపడింది దీనితోనే కదా! సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, తడికె సందుల్లోంచి మంచు లోపలికి తొంగిచూసే మన్యపు ఇళ్లలో, చలి పసికందును ఎలా పసిగడుతుందో, లేత పాదాల దగ్గర మొదలై ఎలా పైకి పాకుతుందో నీకన్నా ఎరిగినవాళ్లు ఎవరున్నారు?

బిడ్డ నేలమీద పడగానే నీ చేతులు చేసే పని ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉంది. ముందు మెత్తని పాతచీర ముక్కతో ఒళ్లంతా పొడిగా తుడిచేదానివి. ఆ తడిగుడ్డ అవతల పడేసి, ఇంకో పొడిగుడ్డ తలకు చుట్టేదానివి. నూలుపోగైనా లేని ఆ చిట్టి ఒంటిని తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరి మీదా కలిపి ఒకే దుప్పటి కప్పేదానివి. పురిటిస్నానానికి నీళ్లు కాగబెట్టిన ముసలమ్మలు గుమ్మంలో గొణుగుతుంటే, "ఇయ్యాల పోయొద్దంటే పోయొద్దు" అని నువ్వు గదిమిన గొంతు కొండకు తగిలి తిరిగొచ్చేది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని పిల్లలను తల్లుల ఎదకే కట్టించాడని, లోకమంతా ఇప్పుడు దాన్నే కంగారూ సంరక్షణ అంటోందని ఓ సాయంత్రం నీకు చదివి వినిపించాను. నువ్వేమీ అబ్బురపడలేదు. "తల్లి ఒంటికన్నా పెద్ద కుంపటేటుందే?" అన్నావు.

అది ఆకాశం నుంచి దిగే చలి. వానలు పడితే నెత్తుట్లోంచి పుట్టే చలి ఇంకొకటి. నాలుగు గొంగళ్లు కప్పినా ఆగని వణుకు, పళ్లు టకటకలాడే జ్వరం. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఆ వెలుగు ఈ అడవి గడపల దాకా రావడానికి ఎన్ని తరాలు పట్టిందో! 1976లో ఈ దేశంలో లెక్కకెక్కిన మలేరియా కేసులే 64 లక్షల పైచిలుకు. అలాంటి కాలంలో నువ్వు గడప గడపకూ తిరిగి, వేలికొసన సూది గుచ్చి, నెత్తుటి బొట్టును గాజుపలక మీద దించి, మరో పలక అంచుతో పలచగా పరిచి, పేరూ ఊరూ రాసి చింతపల్లికి పంపేదానివి. క్లోరోక్విన్ చేదుకు ఊసేసే పిల్లల నోట్లో మాత్రతోపాటు బెల్లంముక్క పెట్టేదానివి.

మూడో చలిని మాత్రం నువ్వే భుజాన మోశావు. టీకాల డబ్బా! రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యనే మందు బతకాలి. ఎండకు కాగకూడదు. ధనుర్వాతం మందైతే గడ్డ కట్టినా పనికిరాదు. కింది ఊళ్లలో నర్సులకు ఎండ ఒక్కటే భయం. పుష్యమాసపు లంబసింగిలో నీకు రెండు వైపులా భయమే. ఆ సీసాలను పైకెత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అడుగున మడ్డి కట్టిందేమోనని రెప్ప వేయకుండా చూసే నీ చూపును నేనెలా మరిచిపోను?

తెల్లవారుతుండగా ఇల్లు చేరేదానివి. చీర కుచ్చిళ్లు మంచుకు తడిసి బరువెక్కి, మడమల పగుళ్లలో ఎర్రమన్ను నిండి ఉండేది. నేను పరుగెత్తుకొస్తే చేత్తో ఆపేదానివి. ముందు పొయ్యి దగ్గర కూర్చుని రెండు అరచేతులూ కాచుకుని, ఆ తర్వాతే నా చెంపలు తాకేదానివి. చల్లని చేత్తో ఎవరినీ ముట్టుకోకపోవడం నీ వ్రతం. స్పిరిటు వాసనా, పచ్చి అల్లం వాసనా కలిసిన ఆ వెచ్చని చేతులే నాకు తెలిసిన మొదటి సూర్యోదయం. అవి చల్లబడిన పొద్దున, అమ్మమ్మా, నేను వాటిని పొయ్యి దగ్గరికి తీసుకుపోబోయాను. అమ్మ నన్ను పట్టుకుని ఆపింది.

నిన్ను కడసారి చూడాలని నర్సీపట్నం నుంచి బయలుదేరిన బంధువులు మంచు చూడవచ్చిన కార్ల మధ్య ఘాట్‌రోడ్డులో చిక్కుబడ్డారు. ఈ దారి మన పెద్దల వెట్టిచాకిరీతో పడింది. ఆ వెట్టి రగిల్చిన కోపమే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి పోలీసు ఠాణా మీదికి దండెత్తింది. మనవాళ్లు కొండను తొలిచి వేసిన దారిలో, మనవాళ్లకే ఆ రోజు చోటు దొరకలేదు.

దినం నాడు మాత్రం అందరూ నడిచి వచ్చారు. అడ్డాకుల్లో కట్టిన చోళ్లు, పసుపుకొమ్ములు, రాజ్మా గింజలు అరుగు నిండా పోగయ్యాయి. ఒక్క తల్లి కూడా తన బిడ్డ పుట్టిన తేదీ చెప్పలేదు. "బిందెలో నీళ్లు పెచ్చు కట్టిన రేతిరి" అంది ఒకామె. "గెడ్డ పొంగితే డబ్బా నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లు దాటొచ్చింది నర్సమ్మ" అంది ఇంకొకామె. నువ్వు పురుడు పోసిన పడుచుపిల్ల, చంకలో తన బిడ్డతో వచ్చి, నీ ఫొటో ముందు పిల్లాడి తలగుడ్డ సరిచేసింది.

అందరూ వెళ్లాక కూడా ఒక తాత కదల్లేదు. వాళ్లది రోడ్డు లేని ఊరు. 2005 నుంచి 108 తిరుగుతోంది గానీ, అది దారి ఉన్నంతవరకే. ఆ పైన ఇద్దరి భుజాల మీద డోలీయే. "నా మనవరాలికి నెల్లు నిండాయమ్మా. పుష్యమాసం చలి. నర్సమ్మ లేదు కదా, ఎవుల్ని పిలిసేది?" అని నన్నడిగాడు. ఆయనకు నేనేం చెప్పను, అమ్మమ్మా?