చదవని సాక్ష్యం: పీ ఐలాండ్ ప్రాణరక్షణ కేంద్రం – చరిత్ర పరిరక్షణ

1. ఉపోద్ఘాతం:

ఒక చరిత్ర మరుగున పడిందంటే దాని ఆధారాలు నశించాయని భావించడం పరిపాటి. ఆధారాలు పదిలంగా ఉండి కూడా చరిత్ర మరుగున పడే సందర్భాలున్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో పనిచేసిన పీ ఐలాండ్ ప్రాణరక్షణ కేంద్రం కథ అటువంటిది. ఆ కేంద్రం సిబ్బంది 1896లో చేసిన సాహసం నాటి ప్రభుత్వ వార్షిక నివేదికలోనే అచ్చయింది. అందుకు బంగారు పతకం మాత్రం 1996లో లభించింది. ఈ నూరేళ్ల ఎడాన్ని తరువాతి పరిరక్షణ యత్నాలు ఎంతవరకు పూడ్చాయన్నది ఇక్కడి విచారణాంశం. ఇందుకు డేవిడ్ రైట్, డేవిడ్ జోబీ కలిసి రచించిన ‘ఫైర్ ఆన్ ది బీచ్’ గ్రంథం ప్రధాన ఆధారం.

2. కేంద్రం, కేంద్రాధికారి:

నార్త్ కరోలినా తీరానికి ఎదురుగా ఔటర్ బ్యాంక్స్ అనే సన్నని ఇసుక దీవుల వరుస ఉంది. అక్కడి ఇసుక మేటలలో చిక్కి ఓడలు తరచుగా పగిలిపోయేవి. ఆపదలో ఉన్న నావికులను కాపాడడానికి ప్రభుత్వ ప్రాణరక్షణ శాఖ తీరం పొడవునా కేంద్రాలు నెలకొల్పింది. పీ ఐలాండ్ కేంద్రం 1878లో ఏర్పడింది. 1879 నవంబరులో ‘హెండర్సన్’ అనే ఓడ మునిగినప్పుడు అక్కడి సిబ్బంది అలసత్వం ప్రాణనష్టానికి దారితీసింది. విచారణ అనంతరం శ్వేతజాతీయుడైన కేంద్రాధికారిని తొలగించి, 1880 జనవరి 24న రిచర్డ్ ఎథరిడ్జ్‌ను నియమించారు.

ఎథరిడ్జ్ 1842లో రోనోక్ ద్వీపంలో బానిసగా పుట్టాడు. అయినా చదవను, రాయను నేర్చాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలోని నల్లజాతి దళంలో పోరాడాడు. ప్రాణరక్షణ శాఖలో అతడు మొదట చేరినది అట్టడుగు హోదాలో. అతడు అధికారి కాగానే అతని కింద పనిచేయడానికి శ్వేతజాతి సిబ్బంది ఇష్టపడలేదు. దానితో కేంద్రం మొత్తం నల్లజాతివారితోనే నడిచింది. కొద్ది నెలలకే కేంద్ర భవనం దగ్ధమైంది. ఎవరో కావాలని నిప్పుపెట్టారన్న అనుమానం బలంగా ఉండేది. ఎథరిడ్జ్ కేంద్రాన్ని మళ్లీ నిలబెట్టి, 1900లో మరణించేవరకు ఇరవయ్యేళ్లు నిర్వహించాడు.

3. 1896 అక్టోబరు 11:

ఆ రోజు తుపానులో ‘ఇ.ఎస్. న్యూమన్’ అనే తెరచాప ఓడ తీరానికి కొట్టుకొచ్చింది. అందులో కెప్టెను, అతని భార్య, మూడేళ్ల కొడుకుతో కలిపి తొమ్మిదిమంది ఉన్నారు. నీరు గట్టుమీదికి పొంగడంతో పడవ దింపడం సాధ్యం కాలేదు. ఓడమీదికి తాడు విసిరే చిన్న ఫిరంగిని బిగించడానికి గట్టినేల కూడా దొరకలేదు. అప్పుడు ఎథరిడ్జ్ ఇద్దరిద్దరు సిబ్బందిని మోకుతో జతకట్టి, వారి నడుములకు కట్టిన తాడు కొసను మిగిలినవారు ఒడ్డున పట్టుకునే ఏర్పాటు చేశాడు. అలలకు ఎదురీది ఓడను చేరినవారు మొదట పసివాణ్ణి తెచ్చారు. ఆపై ఒకరి తరువాత ఒకరిగా తొమ్మిదిమందీ ప్రాణాలతో ఒడ్డు చేరారు.

4. నివేదికకూ గుర్తింపుకూ నడుమ:

ఇటువంటి సాహసాలకు పతకాలిచ్చే చట్టం 1874 నుంచే అమలులో ఉంది. పీ ఐలాండ్ సిబ్బందికి పతకం రాలేదు. జాతులను వేరుచేయడం రాజ్యాంగబద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తీర్పు చెప్పింది అదే 1896లో. రెండేళ్లకు అదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో శ్వేతజాతి మూకలు ఎన్నికైన నగర పాలకవర్గాన్ని బలవంతంగా కూలదోశాయి. ఈ నేపథ్యం నుంచి విడదీసి పతకం లేకపోవడాన్ని అర్థం చేసుకోలేము. పొరుగున ఉన్న చికమకోమికో కేంద్రంలోని శ్వేతజాతి సిబ్బంది 1918లో ‘మిర్లో’ అనే బ్రిటిష్ నౌక నుంచి 42 మందిని రక్షించారు. వారిని బ్రిటిష్ ప్రభుత్వం కొన్నేళ్లలోనే బంగారు పతకాలతో సత్కరించింది. వారి సాహసం నిస్సందేహంగా గొప్పది. అయితే రెండు సాహసాలకు దక్కిన స్మృతిలోని తేడా సాహసం స్థాయిని బట్టి ఏర్పడినది కాదు.

5. గ్రంథ పరిశీలన:

‘ఫైర్ ఆన్ ది బీచ్’ రచయితలు ఒక్క రాత్రి సాహసానికి పరిమితం కాలేదు. బానిసత్వం, యుద్ధం, యుద్ధానంతర పునర్నిర్మాణం, వివక్షా చట్టాల కాలం – వీటన్నిటిలో ఎథరిడ్జ్ జీవితాన్ని నిలిపి చూపారు. పతకం కోసం సాగిన ప్రయత్నంలోనూ వారికి భాగముంది. గ్రంథం ఉపశీర్షికలో మాత్రం ‘పోయిన కథ’ను తిరిగి రాబట్టడమన్న మాట ఉంది. దీనిని ప్రశ్నించవలసి ఉంది. కథ ఎక్కడికీ పోలేదు. వార్షిక నివేదికలోనూ, ఎథరిడ్జ్ దినచర్య పుస్తకంలోనూ, రోనోక్ ద్వీప కుటుంబాల నోటిమాటలోనూ అది ఉంది. ‘పోయింది’ అన్న క్రియకు కర్త ఉండడు. ‘పట్టించుకోలేదు’ అంటే కర్త ఎవరన్న ప్రశ్న వస్తుంది.

ఎథరిడ్జ్ రాతలలోనే పరిశోధకులు గమనించవలసిన వైరుధ్యం ఒకటుంది. 1865లో సైనికుడిగా ఉన్నప్పుడు అతడు మరొకరితో కలిసి, రోనోక్ ద్వీపంలోని నల్లజాతి సైనికుల కుటుంబాలకు జరుగుతున్న అన్యాయాన్ని వివరిస్తూ, విముక్తుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ అధిపతికి లేఖ రాశాడు. అందులో ఫిర్యాదుంది, కోపముంది, హక్కుల స్పృహ ఉంది. కేంద్రాధికారి అయ్యాక అదే చేయి గాలి దిశ, సముద్రం తీరు, గస్తీలు, కసరత్తుల లెక్క రాస్తూ పోయింది. దినచర్య పుస్తకం ప్రభుత్వ పత్రం; అందులో మనసుకు చోటులేదు. ఉద్యోగానికి ఎసరు పెట్టాలని చూసేవారి నడుమ ఆ పొడి వాక్యాలే అతని రక్షణ కవచం కూడా కావచ్చు. లేఖను పక్కన పెట్టుకుని చదివితేనే దినచర్యలోని మౌనం వినిపిస్తుంది.

6. కట్టడాలు, చిహ్నాలు:

పీ ఐలాండ్ కేంద్రం 1947లో మూతపడింది. చికమకోమికోలో 1874, 1911 నాటి భవనాలు నిలిచి మ్యూజియంగా ఉన్నాయి. పీ ఐలాండ్ కేంద్రానికి సంబంధించి మాంటియో పట్టణంలో మ్యూజియంగా ఉన్నది దాని వంటగది మాత్రమే. అదే పట్టణంలో ఎథరిడ్జ్ విగ్రహం ఉంది. ఒక కోస్ట్‌గార్డ్ నౌకకు అతని పేరు పెట్టారు. ఇవన్నీ అవసరమే. అయితే విగ్రహం, నౌక, పతకం మూడూ వీరుణ్ణే చూపుతాయి. వీరత్వానికి ముందున్న పదహారేళ్ల శ్రమను చూపేది వంటగదే. సిబ్బంది కలిసి తిని, గస్తీకి బయలుదేరి, తడిసి తిరిగివచ్చిన చోటు అది.

7. ముగింపు:

ఆలస్యంగా వచ్చిన పతకం ఒక అన్యాయాన్ని సరిదిద్దింది. దానితోపాటు కథ సుఖాంతమైందన్న భావననూ కలిగించింది. ఆ భావన స్థిరపడితే, నూరేళ్ల మౌనానికి కారణమైన వ్యవస్థ ప్రశ్నకు అందకుండా పోతుంది. కనుక పరిరక్షణ అంటే సాహసాన్ని కీర్తించడంతోపాటు, దానిని చదివి కూడా గుర్తించని పాఠకులను, అంటే ఆనాటి అధికార వ్యవస్థను, చరిత్రలో నమోదు చేయడం. న్యూమన్ ఓడ నుంచి తొమ్మిదిమందిని ఒడ్డుకు చేర్చడానికి ఒక రాత్రి చాలింది. వారిని చేర్చినవారిని ఒడ్డుకు చేర్చడానికి నూరేళ్లు ఎందుకు పట్టిందో చెప్పినప్పుడే ఆ కేంద్రం చరిత్ర పూర్తవుతుంది.