మిఠాయి దుకాణమూ, కథల యంత్రమూ

ఆర్.కె. నారాయణ్ 1967లో ప్రకటించిన ‘ది వెండర్ ఆఫ్ స్వీట్స్’ నవలలో ఒక యువకుడు అమెరికానుండి తిరిగివచ్చి తండ్రిని పెట్టుబడి అడుగుతాడు. అతడు స్థాపించదలచిన సంస్థ తయారుచేసే సరుకు కథలు వ్రాసే యంత్రం. పాత్రలకు ఒక మీట, సన్నివేశాలకు ఒక మీట, పరాకాష్ఠకు మరొకటి. మీటలు తిప్పితే కథ వెలువడుతుంది. ఆనాటి పాఠకుడు నవ్వుకున్నాడు. నవ్వించడానికే నారాయణ్ ఆ యంత్రాన్ని అక్కడ పెట్టాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజల చేతికి వచ్చిన తరువాత ఆ పుటలు తిరిగి చదివేవారికి, ముఖ్యంగా రచయితలకు, ఆ నవ్వు అంత సులభంగా రాదు. జోస్యం ఫలించిందని రచయితను మెచ్చుకోవడం తేలిక. కాని ఆ మెచ్చుకోలువల్ల నవలకు ఒరిగేదేమీ లేదు. ఆలోచించవలసిన సంగతి వేరొకటి ఉంది. సొంతంగా ఒక సంస్థను లేవనెత్తాలని తపించే యువకుణ్ణి, ఈనాడు స్టార్టప్ అనే మాటతో గుర్తిస్తున్న ఆ ప్రయత్నాన్ని, మన నవల ఏ కంటితో చూచింది? మాలి కథ ఆ పరీక్షకు మంచి ఒరగల్లు.

తండ్రి జగన్ ఖద్దరు కడతాడు, రాట్నం వడుకుతాడు, దుకాణంలో కూర్చుని భగవద్గీత చదువుతాడు. తాను రుచిని జయించే ప్రయత్నంలో ఉంటూ ఊరందరికీ మిఠాయి అమ్ముతాడు. సాయంకాలం ఆరు దాటిన తరువాత పడిన డబ్బు వేరే పాత్రలో చేరుతుంది; అది లెక్కల పుస్తకంలోకి ఎక్కదు. ఇంట్లో దాచిన ఆ డబ్బులోనుండే కొడుకు చెప్పకుండా తీసుకుని అమెరికా వెళతాడు. కనుక మాలి తండ్రిని పెట్టుబడి అడిగేనాటికే ఒక పెట్టుబడి అడగకుండా పుచ్చుకున్నాడు; అదైనా ప్రభుత్వానికి తెలియని సొమ్ము. తండ్రి కొడుకుని దొంగ అనలేడు, అంటే తన పాత్ర మూత తీయవలసి వస్తుంది. ఇంతటి చిక్కుముడిని ఒక్క పరుష వాక్యం లేకుండా వేయగలగడం నారాయణ్ ప్రజ్ఞ. ఈ భాగంలో అతనికి సాటి చెప్పదగినవారు మన భాషల్లో తక్కువ.

అయితే కొడుకు వంతు వచ్చేసరికి ఆ ప్రజ్ఞ ముఖం చాటుచేస్తుంది. నవల ఆద్యంతం జగన్ భుజం వెనుకనుండి నడుస్తుంది. మాలి గది తలుపు మూసి ఉంటుంది. లోపల అతడు ఏమి చేస్తున్నాడో, ఏ రాత్రి నిద్రపట్టక దొర్లాడో, యంత్రం నిజంగా పనిచేస్తుందని నమ్మాడో లేదో పాఠకునికి తెలియదు. అతని మాటలన్నీ వర్తక ప్రకటనల ధోరణిలో వినిపిస్తాయి. తండ్రికి వాత్సల్యం ఉంది, భయం ఉంది, జ్ఞాపకాలున్నాయి. తన పెండ్లినాటి ముచ్చటకు ఒక దీర్ఘమైన అధ్యాయమే దక్కింది. కొడుక్కి దక్కింది ఒక పథకం మాత్రమే. జగన్ ‘ఇవ్వను’ అని చెప్పడు, తప్పించుకుంటాడు. మిఠాయి ధర తగ్గిస్తాడు, తోటి వర్తకులను కంగారు పెడతాడు, చివరకు చెక్కుపుస్తకం చేతపట్టుకుని ఏటి అవతల తోటకు వానప్రస్థం బయలుదేరుతాడు. కారులో మద్యం సీసాతో పట్టుబడిన కొడుక్కి కొంతకాలం జైలు మంచిదేనంటాడు. నవ్వుకుంటూ చదివించే ఈ ముగింపులో ఒక అన్యాయం ఉంది. మాలి అభియోగం విన్నాము, తీర్పు విన్నాము, వాఙ్మూలం వినలేదు.

నారాయణ్‌కు వ్యాపారం తెలియదనడానికి వీలులేదు. 1952నాటి ‘ది ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్’లో మార్గయ్యను చూడండి. సహకార భూమి తనఖా బ్యాంకు ఎదుట మర్రిచెట్టు క్రింద రేకుపెట్టె పెట్టుకుని కూర్చునే ఆ మనిషి రైతులకు అప్పు సంపాదించిపెట్టే విద్య అంతా పాఠకుని ఎదుట విప్పుతాడు. ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ రైతుకు ఏ మాట చెప్పాలో అతనికి తెలుసు, రచయితకూ తెలుసు. మార్గయ్య దురాశాపరుడే అయినా అతని పట్ల జాలి కలగడానికి కారణం అతని పని మనకు కనబడడమే. మాలి పని కనబడదు. చెట్టుక్రింది వ్యాపారాన్ని ప్రేమించిన కలం విదేశీ భాగస్వామ్యపు వ్యాపారాన్ని ఎగతాళితో సరిపెట్టింది.

కాలం కూడా మాలికి అనుకూలమైనది కాదు. 1951నాటి పరిశ్రమల చట్టం క్రింద లైసెన్సు లేక పెద్ద కార్ఖానా లేవదు. విదేశీ మారకం కరువు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించగా డాలరు వెల 4.76 రూపాయలనుండి 7.50కి పెరిగింది. మరునాడే అమెరికా భాగస్వామితో లెక్క చూచుకోవలసిన ఏ మాలికైనా గుండె ఆగవలసిన సంగతి అది. ఇటువంటి దెబ్బలు నవలలోకి రాలేదు. వస్తే కొడుకు ఓటమికి ఒక బరువు ఉండేది.

ఇంతకూ మాలి దోషం ఏది? యంత్రాన్ని కలగనడం కాదు, అమెరికా వెళ్లడమూ కాదు. అతడు చదువు మానింది రచయిత కావడానికి. వ్రాతపని నేర్చుకోవడానికే సముద్రం దాటాడు. తిరిగివచ్చినప్పుడు తెచ్చినది కథ కాదు, కథలు వ్రాసే యంత్రం. తనకు చేతకాని పనిని పదిమందికీ అమ్మజూపే సరుకుగా మార్చుకున్నాడు. ఖాళీ కాగితం ఎదుట కూర్చుని లేచిపోయిన గంటలు మాలికి ఎన్ని ఉండి ఉంటాయో ప్రతి రచయితా ఊహించగలడు. నవలకు గుండెకాయ కాదగిన ఆ ఘట్టాన్ని నారాయణ్ దూరంనుండి చూపి వదిలాడు. ఈనాడు నిజంగా వచ్చిపడిన యంత్రం రచయితలను అడుగుతున్న ప్రశ్న కూడా దీనికి మిక్కిలి దగ్గరది. దానికి జగన్ మౌనం సమాధానం కాజాలదు.

తరువాతి నవలలు ఈ లోటు తీర్చాయా? శంకర్ బెంగాలీ నవల ఆధారంగా సత్యజిత్ రాయ్ 1976లో వెలువరించిన ‘జన అరణ్య’ చిత్రంలో సోమనాథుడు ఉద్యోగం దొరకక ఆర్డర్ల సరఫరా వ్యాపారంలో దిగుతాడు. ఒకచోట కొని ఇంకొకచోట అమ్మే ఆ దళారీతనపు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ, చివరకు ఒక కాంట్రాక్టు కోసం స్నేహితుని చెల్లెలినే తెలియక తార్చవలసిన స్థితికి చేరతాడు. ఇక్కడ పని కనబడుతుంది, మనసూ కనబడుతుంది. కాని సోమనాథుడు కోరి వచ్చినవాడు కాదు, నిరుద్యోగం నెట్టగా వచ్చినవాడు. 2008లో బుకర్ బహుమతి పొందిన అరవింద్ అడిగ ‘ది వైట్ టైగర్’లో బలరాం కోరి వచ్చినవాడే. తనను తాను వ్యాపారవేత్తనని చెప్పుకుంటాడు, గొంతు తనదే. అయితే అతని మూలధనం యజమానిని చంపి తెచ్చిన ఏడు లక్షలు. వివేక్ శానభాగ్ కన్నడంలో 2013లో ప్రకటించిన ‘ఘాచర్ ఘోచర్’ వీటన్నిటికంటె సూక్ష్మమైనది. అన్నగారికి ఉద్యోగం పోయినప్పుడు చేతికి వచ్చిన సొమ్ముతో చిన్నాన్న మసాలా పొడుల వ్యాపారం నిలబెడతాడు. కథ చెప్పేది మాత్రం ఆ వ్యాపారంలో పేరుకు డైరెక్టరై కాఫీ హౌసులో కాలం గడిపే అన్నకొడుకు. సంపాదించేవాని కాళ్లచుట్టూ ఇల్లంతా ఎలా చేరుతుందో అంత చిన్న నవలలో అంత భయంకరంగా చూపినవారు లేరు. అయినా చిన్నాన్న తలుపు కూడా మూసే ఉంది. మాలి తలుపువలెనే.

ఒకరు మూర్ఖుడు, ఒకరు బాధితుడు, ఒకరు హంతకుడు, ఒకరు ఇంటివారికి అంతుపట్టని మూగ దేవుడు. తన చేతులతో ఒక పనిని పుట్టించాలనే కోరిక మాత్రమే పెట్టుబడిగా బయలుదేరినవాడు ఈ నాలుగింటిలోనూ తనంత తాను మాట్లాడడు. ధనం పట్ల శంక మన సాహిత్యానికి మంచి అలవాటే, పోగొట్టుకోదగినది కాదు. కాని శంకించడానికైనా ముందు చూడాలి.

తెలుగు నవల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఆస్తి కరిగిపోయిన తీరును మనం నిశితంగా చదివాము. ఆస్తి పుట్టే తీరును అంత శ్రద్ధగా చదివించిన పుస్తకం మనకు కరువు. ఇది పూర్వమూ ఇట్లే ఉన్నదనరాదు. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ తెరచినవారికి వృత్తులవారి పనిముట్లు, సరుకులు, వాడుక పేర్లు కుప్పలుగా దొరుకుతాయి. ఆ కవికి అంగడి పట్ల జుగుప్స లేదు. ఆ చూపు నడుమ ఎక్కడో జారిపోయింది.

వస్తువు మాత్రం ముంగిట్లోనే ఉంది. 2015లో హైదరాబాదులో టీ-హబ్ తెరిచిననాటికే జీతం వదులుకుని అద్దెగదిలో కంపెనీ పెట్టిన ఇంజనీరు తెలుగు ఇళ్లకు పరిచితుడు. 2005 దీపావళికి బెంగుళూరునుండి ఇంటికి రాబోయి బస్సు టికెట్టు దొరకని ఫణీంద్ర సామా, ఇద్దరు మిత్రులతో 2006లో రెడ్‌బస్ ప్రారంభించాడు. 2013లో అది మరొక సంస్థకు అమ్ముడుపోయింది. పత్రికలు దీనిని విజయగాథగా వ్రాశాయి. నవలాకారుడు చూడవలసింది మరొకచోట. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఏజెంటు ఫోనులో అడిగితే తప్ప తెలియని లోకంలోకి కంప్యూటరు పట్టుకుని వెళ్లి, సాఫ్ట్‌వేర్ ఇవ్వబోతే పుచ్చుకునేవారు లేక, సీట్లు తామే అమ్మడానికి నిలబడిన ఆ మొదటి దినాలు. ఏజెంటుకు ఆ కుర్రవాళ్ల మీద నమ్మకం ఎందుకు కలగాలి? ఎప్పుడు కలిగింది? ఇదంతా కథే. ఇక కంపెనీ పెరిగేకొద్దీ పెట్టుబడి పెట్టినవారికి వాటాలు ఇచ్చుకుంటూ పోయి, చివరకు తాను పుట్టించిన సంస్థలో తానే స్వల్పభాగస్వామిగా మిగిలే స్థాపకుని స్థితి ఉన్నది. పాలుపంపకాల కథలు ఇన్ని వ్రాసిన తెలుగువారికి అది కొత్త బాధ కాదు, కొత్త పేరు మాత్రమే.

వ్రాయబూనేవారికి ఒక కష్టం ఉంది, అది భాష. నారాయణ్ ఇంగ్లీషులో వ్రాశాడు. మాల్గుడిలో తండ్రీకొడుకులు ఏ భాషలో పోట్లాడుకున్నారో చెప్పవలసిన అగత్యం అతనికి కలగలేదు. తెలుగు రచయితకు ఆ సౌకర్యం లేదు. ఉదయం పెట్టుబడిదారులతో ‘వాల్యుయేషన్’, ‘రన్‌వే’ అన్న కొడుకే, సాయంత్రం భోజనాల దగ్గర తండ్రిని ప్రావిడెంటు ఫండు అడగాలి. చేతిలో ఉన్న డబ్బు ఇంకెన్ని నెలలకు వస్తుందో చెప్పాలి. ఇంకా ఒక్క రూపాయి లాభం చూడని కంపెనీ ఇన్ని కోట్లది ఎట్లా అయిందో, కంచం ముందు కూర్చున్న రిటైరైన బడిపంతులుకు ఆయన తెలుగులో విడమరచాలి. ఆయన వెంటనే అడిగే మొదటి ప్రశ్న, “నీ వాటా ఎంతరా?”